చైర్ అంటే కుర్చీ ఒక్కటే కాదు: ఇంగ్లిష్‌లో ఈ మాటను సరిగ్గా వాడటం ఎలా

ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లగానే ఎవరైనా ‘టేక్ ఎ చైర్’ అంటే కూర్చోమని అర్థం. అదే గదిలో పదిమంది బల్ల చుట్టూ చేరాక ‘విల్ యూ టేక్ ద చైర్?’ అని అడిగితే, ఈ సమావేశానికి మీరు అధ్యక్షత వహిస్తారా అని. మారింది ‘ఎ’, ‘ద’ అన్న చిన్న మాట ఒక్కటే. తెలుగులో అలాంటి మాటలు లేవు కనుక మన చెవి వాటిని పట్టించుకోదు. చైర్ దగ్గర మాత్రం అర్థమంతా అక్కడే ఉంటుంది.

కాబట్టి ఈ మాట కనిపించినప్పుడల్లా దాని ముందు చూడండి. ‘ఎ’ ఉందా, ‘ద’ ఉందా, అసలేమీ లేదా? ‘ఆన్’ ఉందా, ‘ఇన్’ ఉందా? ఆ తర్వాత, అది వస్తువు పేరా, చేసే పనా? ఈ ప్రశ్నలు వేసుకుంటే నిఘంటువు తెరవాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

పలికే తీరు

మనం ‘చైర్’ అని రాస్తాం, కొన్ని పత్రికలు ‘ఛైర్’ అని అచ్చు వేస్తాయి. రాత ఎలా ఉన్నా, నోటితో ‘చైత్రం’లోని ‘చై’ పలికితే ఇంగ్లిష్ వాళ్లకు మరో మాటలా వినిపిస్తుంది. అసలు అచ్చు ‘చె’కు దగ్గర. ‘చె’ అని మొదలుపెట్టి కాస్త సాగదీసి ‘అ’ వైపు జారనివ్వాలి. హెయిర్, పెయిర్, స్టెయిర్ అనే మాటలతో ప్రాస కుదరాలి. బ్రిటన్‌లో చివరి ‘ర్’ దాదాపు వినపడదు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతేనే తేలుతుంది. అమెరికాలో స్పష్టంగా పలుకుతారు. మొదటి హల్లు ‘చెట్టు’, ‘చీర’ల్లోని చ. ‘చాప’, ‘చుక్క’ల్లో మనలో చాలామంది పలికే దంత్య చకారం పనికిరాదు. ఫోన్‌లో చైర్‌కూ షేర్‌కూ తేడా తెలియాలంటే నాలుకను పైకి తాకించి వదలాలి. తాకించకపోతే ‘ష’ అవుతుంది. ‘ఐ విల్ చైర్ ఇట్’ అన్నది ‘ఐ విల్ షేర్ ఇట్’గా వినపడితే సమావేశం నడపాల్సిన బాధ్యత గాలిలో కలిసిపోతుంది.

కూర్చునే కుర్చీ

వెన్ను ఆనించుకునే చెక్క, ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుంటే ‘ఆన్ ఎ చైర్’. చేతులున్న, మెత్తటి, ఒళ్లు లోపలికి ఒదిగే కుర్చీ అయితే ‘ఇన్ యాన్ ఆర్మ్‌చైర్’. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు మామూలు కుర్చీకీ ‘ఇన్’ వాడుతుంటారు, అది తప్పు కాదు. కానీ ఆర్మ్‌చైర్‌కు ‘ఆన్’ వాడితే దాని చేతి మీదో అంచు మీదో కూర్చున్నట్టు తోస్తుంది.

వెన్ను, చేతులు లేనిది స్టూల్. ఆసుపత్రిలో ఈ మాటతో జాగ్రత్త: అక్కడ ‘స్టూల్ టెస్ట్’ అంటే మల పరీక్ష. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చునేది బెంచ్. మన పడక కుర్చీ ‘ఈజీ చైర్’, గుడ్డ వేసిన మడత కుర్చీ ‘డెక్ చైర్’. ‘హై చైర్’ అంటే ఎత్తు కుర్చీ అనుకుంటారు కానీ, అది పసిపిల్లలకు అన్నం తినిపించే బల్ల ఉన్న కుర్చీ. హోటల్లో పెద్దవాళ్ల కోసం ఎత్తైన కుర్చీ కావాలంటే ఆ మాట అడగకూడదు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది సీట్ దగ్గర. బస్సు, రైలు, విమానం, సినిమా హాలు, ఇలా బిగించి ఉన్నదీ నంబరు వేసినదీ సీట్. ‘ఈజ్ దిస్ చైర్ వేకెంట్?’ అని రైల్లో అడిగితే అర్థమవుతుంది గానీ, అక్కడ అనాల్సింది ‘ఈజ్ దిస్ సీట్ టేకెన్?’ మన రైల్వే బోగీకి ‘చైర్ కార్’ అని పేరు పెట్టడం వల్ల ఈ గందరగోళం ఇంకా పెరిగింది. 2023 జనవరి 15న సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య మొదలైన వందేభారత్‌లో చైర్ కార్, ఎగ్జిక్యూటివ్ చైర్ కార్ ఉంటాయి. పడుకునే బెర్తు లేకుండా కూర్చునే ఏర్పాటు అని మాత్రమే ఆ పేరు చెబుతుంది. లోపల మీది సీట్ నంబరే, చైర్ నంబర్ కాదు.

‘ఆయనకు కుర్చీ వేయండి’ని ‘పుట్ ఎ చైర్ ఫర్ హిమ్’ అంటాం. ఇంగ్లిష్‌లో అక్కడ వేయడం ఉండదు, తెచ్చివ్వడం ఉంటుంది: ‘కుడ్ యూ గెట్ హిమ్ ఎ చైర్?’ దగ్గరికి జరిగి కూర్చోమనడానికి ‘పుల్ అప్ ఎ చైర్’. ఆఫీసులోకి వచ్చిన పెద్దవాళ్లతో ‘ప్లీజ్ హ్యావ్ ఎ సీట్’ అనడమే మర్యాద. ‘టేక్ యువర్ సీట్’ అన్నామంటే ‘నీకు కేటాయించిన చోటికి వెళ్లు’ అన్నట్టు కాస్త ఆజ్ఞలా ఉంటుంది.

మన ‘కుర్చీ కోసం కొట్లాట’ను మాటకు మాట మార్చకండి. ‘ఫైటింగ్ ఫర్ ద చైర్’ మన దేశపు పత్రికల్లో నడుస్తుంది. బయటివాళ్లు మాత్రం ఏ సమావేశ అధ్యక్షత కోసమో అనుకుంటారు. అక్కడ ‘పవర్’ అని గానీ, ‘టాప్ జాబ్’ అని గానీ రాయండి.

సభలో చైర్

ఈ మాటకు అధికారం వాసన కొత్తగా అంటలేదు. గ్రీకులో ‘కథెద్రా’ అంటే ఆసనం. అది లాటిన్‌లోకి, అక్కడి నుంచి పాత ఫ్రెంచ్‌లోకి వెళ్లి, అరిగి చైర్‌గా ఇంగ్లిష్‌కు చేరింది. బిషప్ ఆసనం ఉన్న చర్చిని కెథీడ్రల్ అన్నారు. మనం పీఠం అన్నప్పుడు చెక్క పీటా, మఠాధిపతి స్థానమూ రెండూ గుర్తొస్తాయి కదా, అదే తోవ. ఆ గ్రీకు మాటలోని ‘హెద్రా’, మన సదస్సు, పరిషత్తుల్లో ఉన్న ‘సద్’ ధాతువు ఒకే పాత మూలం నుంచి వచ్చినవే. ‘సదస్సుకు చైర్’ అంటున్నప్పుడు దూరపు చుట్టాలిద్దరినీ ఒక చోట కూర్చోబెడుతున్నాం.

సభలో ‘ద చైర్’ అంటే ఆ క్షణంలో అధ్యక్ష స్థానంలో ఉన్న మనిషి, ఎవరైనా సరే. లోక్‌సభను నడిపేది స్పీకర్, రాజ్యసభను నడిపేది చైర్మన్. ఆ చైర్మన్ ఉపరాష్ట్రపతే. 1998 నుంచి 2002 వరకు జి.ఎం.సి. బాలయోగి స్పీకర్‌గా, 2017 నుంచి 2022 వరకు ఎం. వెంకయ్యనాయుడు రాజ్యసభ చైర్మన్‌గా ఉన్నారు. పదవుల పేర్లు వేరైనా, సభ్యులు ఒకరితో ఒకరు వాదనకు దిగినప్పుడు వినిపించే మాట ఒక్కటే: ‘ప్లీజ్ అడ్రెస్ ద చైర్.’ మీ మాట అధ్యక్షుల వైపు తిప్పి చెప్పండి అని. ఉపసభాపతి వచ్చి కూర్చున్నా, వాళ్లు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్ సభ్యుడు కూర్చున్నా ‘ద చైర్’ అనే పిలుపు మారదు.

మన శాసనసభలో ‘అధ్యక్షా!’ అని మొదలుపెడతారు. ఇంగ్లిష్‌లో దానికి సాటి ‘మిస్టర్ స్పీకర్, సర్’. సంఘాల్లో, కమిటీల్లో అయితే ‘మేడమ్ చైర్’, ‘మిస్టర్ చైర్’. బ్రిటన్‌లోని కౌన్సిల్ కమిటీల్లో ఒట్టి ‘థాంక్ యూ, చైర్’ కూడా అమర్యాద కాదు.

మీ అపార్ట్‌మెంట్ సంఘం సమావేశాన్నే తీసుకోండి. మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో చెప్పే రాత, ఇంగ్లిష్‌లో రాయాలి. సంఘం అధ్యక్షులు ఊళ్లో లేరు, ఉపాధ్యక్షురాలు నడిపించారు. రాయాల్సింది ‘ఇన్ ద అబ్సెన్స్ ఆఫ్ ద ప్రెసిడెంట్, ద వైస్-ప్రెసిడెంట్ టుక్ ద చైర్.’ హాజరైనవారి జాబితాలో ఆమె పేరు పక్కన ‘ఇన్ ద చైర్’ అని పెట్టాలి. ‘ఆన్ ద చైర్’ అని రాస్తే ఆమె కుర్చీ మీద కూర్చున్నట్టు మాత్రమే తేలుతుంది, నడిపిన సంగతి పోతుంది. కోశాధికారిని ఎవరైనా సభ్యుడు ప్రశ్న అడగాలనుకుంటే ‘త్రూ ద చైర్, మే ఐ ఆస్క్ ద ట్రెజరర్...’ అని మొదలుపెడతాడు. అధ్యక్షుల అనుమతితో, వారి ద్వారా అడుగుతున్నాను అని దాని అర్థం. కోపాలు రేగిన సమావేశంలో ఈ ఒక్క మాట చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే ఇద్దరు మనుషుల మధ్య సూటిగా మాట పడకుండా చూస్తుంది. అధ్యక్షులు లేచి వెళ్లి ఇంకొకరు వస్తే ‘వెకేటెడ్ ద చైర్’ అనో ‘లెఫ్ట్ ద చైర్’ అనో రాయాలి. చివర ‘వోట్ ఆఫ్ థాంక్స్ టు ద చైర్’.

ఓట్లు సమానంగా చీలితే అధ్యక్షుల నిర్ణాయక ఓటును ‘కాస్టింగ్ వోట్’ అంటారు. పార్లమెంటులో దీన్ని రాజ్యాంగం 100వ అధికరణం, రాష్ట్రాల శాసనసభల్లో 189వ అధికరణం ఇచ్చాయి. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు ముందుగా ఓటు వేయరు, సమానమైనప్పుడే వేస్తారు. మీ సంఘానికి అదే పద్ధతి దానంతటదే వర్తించదు. మీ బైలాలో, అంటే సంఘం నియమావళిలో రాసి ఉంటేనే ‘ద చైర్ యూజ్డ్ ద కాస్టింగ్ వోట్’ అని రాయండి.

ఇప్పుడు క్రియ. చైర్, చైర్డ్, చైరింగ్. దీని తర్వాత కర్మ నేరుగా వస్తుంది: ‘షి చైర్డ్ ద మీటింగ్’. ‘చైర్డ్ ఓవర్ ద మీటింగ్’ తప్పు. ‘ప్రిసైడ్’కు ‘ఓవర్’ కావాలి, ఆ అలవాటు చైర్‌కు అంటుకోవడం వల్ల వచ్చే పొరపాటిది. ‘అండర్ ద చైర్ ఆఫ్’ కూడా పనికిరాదు, దాన్ని చదివినవాళ్లు కుర్చీ కింద వెతుక్కుంటారు. ‘అండర్ ద చైర్మన్‌షిప్ ఆఫ్’ అని గానీ, ఇంకా తేలిగ్గా ‘చైర్డ్ బై’ అని గానీ రాయండి.

మన ‘అధ్యక్షత వహించారు’ అన్ని సభలకూ సరిపోతుంది, చైర్ సరిపోదు. చర్చ, ఓటింగ్, తీర్మానం ఉండే సమావేశాన్ని, లేదా సదస్సులో ఒక సెషన్‌ను చైర్ చేస్తారు. సన్మాన సభ, పుస్తకావిష్కరణ, వార్షికోత్సవం అయితే ‘ప్రిసైడెడ్ ఓవర్’ అనాలి. ‘అధ్యక్షుడు’ మాట కూడా ఇలాగే చాలా పదవులను మోస్తుంది. సంఘానికి ఏళ్ల తరబడి ఉండే అధ్యక్షుడు ప్రెసిడెంట్, బోర్డు అధ్యక్షుడు చైర్మన్, ఆ రోజు సభ నడిపినవారు చైర్. ఒక్కరే మూడూ కావచ్చు, ముగ్గురూ కావచ్చు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాలో ప్రెసిడెంట్ వేరు, బోర్డు చైర్మన్ వేరు. ఇంగ్లిష్‌లోకి మార్చేముందు ఏ అధ్యక్షుడో కనుక్కుని రాయాలి.

చైర్మన్ అనాలా, చైర్‌పర్సన్ అనాలా, చైర్ అనాలా? తెలుగు పత్రికల్లో మగవాళ్లను చైర్మన్ అనీ, ఆడవాళ్లను చైర్‌పర్సన్ అనీ రాయడం అలవాటైపోయింది. నాకది సరైనదిగా అనిపించదు. ఇద్దరికీ ఒకే మాట ఉండాలన్న ఉద్దేశంతో వచ్చిన మాటను ఆడవాళ్లకే పరిమితం చేస్తే దాని ప్రయోజనమే పోయింది. ఆ సంస్థ చట్టంలోనో బైలాలోనో ఏ పేరు ఉంటే దాన్నే వాడండి. ఏదీ లేకపోతే చైర్ చాలు. మనిషిని చైర్ అనడం ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ అని కొందరు కొట్టిపారేస్తారు గానీ, 17వ శతాబ్దం ఇంగ్లిష్‌లోనే ఆ వాడుక ఉంది.

ఇక్కడే మూడో సంగతి, ముందు ‘ఎ’ గానీ ‘ద’ గానీ లేకపోవడం. ఎన్నుకున్నారు, నియమించారు అన్నప్పుడు ‘షి వాజ్ ఎలెక్టెడ్ చైర్’ అంటారు. మధ్యలో ‘ఎ’ పెట్టి ‘ఎలెక్టెడ్ ఎ చైర్’ అంటే కుర్చీని గెలిపించినట్టుంటుంది.

విశ్వవిద్యాలయంలో చైర్

ఒక విషయానికి శాశ్వతంగా ఏర్పాటు చేసిన ఆచార్య పదవి కూడా చైరే. కేంబ్రిడ్జ్‌లో 1663లో నెలకొల్పిన లూకేసియన్ గణిత పీఠంలో 1669 నుంచి న్యూటన్, 1979 నుంచి 2009 దాకా స్టీఫెన్ హాకింగ్ ఉన్నారు. అలాంటి పదవిలో ఉండటాన్ని ‘హోల్డ్ ఎ చైర్’ అంటారు, సిట్ అనరు. దాత నిధితో నడిచేది ‘ఎండోడ్ చైర్’. అలాంటి పదవులకు తరచూ ఎవరిదో ఒకరి పేరు ఉంటుంది. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు చేసిన ఆచార్య పదవికి కృష్ణదేవరాయల పేరుంది.

అమెరికాలో చదవడానికి వెళ్లే పిల్లలు ఇంకో రెండు తెలుసుకోవాలి. అక్కడ ‘డిపార్ట్‌మెంట్ చైర్’ అంటే మన హెచ్‌ఓడీ, విభాగాధిపతి. ‘కమిటీ చైర్’ అంటే మీ థీసిస్ పరిశీలించే ఆచార్యుల బృందానికి పెద్ద. ఈమెయిల్‌లో ‘డియర్ చైర్’ అని మొదలుపెట్టకండి, ‘డియర్ ప్రొఫెసర్’ అని ఇంటిపేరు రాయండి.

వీల్‌చైర్

అమ్మానాన్నలను విదేశాలకు పంపేటప్పుడు చాలా ఇళ్లలో వాడే మాట ఇది. ఇంగ్లిష్‌లో వీల్, చైర్ కలిపి ఒకే మాటగా రాస్తారు, మధ్య ఖాళీ ఉండదు. టికెట్ తీసుకునేటప్పుడు ‘వీల్‌చైర్ అసిస్టెన్స్’ అని అడగాలి. ఆ సాయానికి మూడు స్థాయిలున్నాయి, వాటి కోడ్‌లే టికెట్‌లో కనిపిస్తాయి.

డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు, విమానం లోపల నడవగలరు, విమానాశ్రయంలో ఎక్కువ దూరం మాత్రం నడవలేరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, లోపల సీటు దాకా నడవగలరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా కూడా తీసుకెళ్లాలి. అప్పుడు విమానం నడవలో పట్టే సన్నటి ‘ఐల్ చైర్’ తెస్తారు. ఒట్టి ‘వీల్‌చైర్ కావాలి’ అని వదిలేస్తే ఏ స్థాయో సిబ్బందికి తెలియదు. విమానాన్ని దూరంగా నిలిపి, బస్సులో తీసుకెళ్లి మెట్లెక్కించే చోట మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఇబ్బంది పడేది అందుకే. ఫోన్‌లో ఇలా చెప్పండి: ‘షి కెన్ వాక్ ఎ ఫ్యూ స్టెప్స్, బట్ షి కెనాట్ క్లైమ్ స్టెయిర్స్.’ అది డబ్ల్యూసీహెచ్‌ఎస్. చాలా విమాన సంస్థలు కనీసం 48 గంటల ముందు చెప్పమంటాయి. సొంత వీల్‌చైర్ బ్యాటరీతో నడిచేదైతే అది ఏ రకం బ్యాటరీయో కూడా చెప్పాలి, లిథియం బ్యాటరీలకు విమానంలో వేరే నిబంధనలున్నాయి.

ఆ సంభాషణలో ‘మై చైర్’ అంటే ఆ మనిషి వీల్‌చైర్. రాసేటప్పుడు ‘కన్‌ఫైన్డ్ టు ఎ వీల్‌చైర్’ అని వద్దు. చక్రాల కుర్చీ ఆ మనిషిని బంధించలేదు, బయటికి తీసుకొచ్చింది. ‘షి యూజెస్ ఎ వీల్‌చైర్’ అనండి.

పనిచోట్లలో

స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో ‘ప్రొవైడ్ చైర్స్’ అని ఉంటే ఫర్నిచర్ కాదు. పై వరస ఇనుప చువ్వలు కిందికి దిగకుండా ఆపే, వంచిన చువ్వ ముక్కలవి. మన సైట్లలోనూ చైర్లు అనే అంటారు. 500 మిల్లీమీటర్ల మందం ఉన్న రాఫ్ట్‌లో (పునాది స్లాబ్‌లో) పైనా కిందా 50 చొప్పున కవర్ (చువ్వలను కప్పే కాంక్రీటు), రెండు జాలీల్లోనూ 12 మిల్లీమీటర్ల చువ్వలు రెండేసి వరసలు ఉన్నాయనుకోండి. కింది జాలీ మీద నిలబెట్టే చైర్ ఎత్తు 500 లోంచి 100, ఆపైన 48 తీసేస్తే 352 మిల్లీమీటర్లు. బాల్కనీ స్లాబ్‌లో ఇది మరీ ముఖ్యం. గోడ నుంచి ముందుకు వేలాడే స్లాబ్‌కు లాగుడు పై భాగంలో పడుతుంది. చైర్లు పెట్టకుండా కాంక్రీటు పోస్తే, కూలీల కాళ్ల కింద పై చువ్వలు దిగిపోయి, గోడ దగ్గర పగులు మొదలవుతుంది.

రసాయన శాస్త్రంలో ‘చైర్ ఫామ్’ అంటే సైక్లోహెక్సేన్ అణువు కుర్చీలా వంగి ఉండే రూపం, ‘బోట్’ రూపం కన్నా తక్కువ శక్తితో స్థిరంగా ఉంటుంది. అమెరికా నేరవార్తల్లో ‘హి గాట్ ద చైర్’ అంటే విద్యుత్ కుర్చీలో మరణశిక్ష. 1890 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ జైలులో దాన్ని మొదటిసారి అమలు చేశారు. అక్కడ ‘ద చైర్’ను అధ్యక్ష పదవి అనుకుని అనువదిస్తే ఘోరమైన తప్పు జరుగుతుంది. ఫ్రెంచ్ మెనూలో ఇదే అక్షరాలతో కనిపించే మాటకు అర్థం మాంసం. వాళ్ల కుర్చీ ‘షేజ్’.

నానుడుల్లో

‘ఆర్మ్‌చైర్ ఎక్స్‌పర్ట్’ అంటే రంగంలోకి దిగకుండా ఇంట్లో కూర్చుని తీర్పులిచ్చేవాడు, మన ఒడ్డున కూర్చుని చెప్పేవాళ్లలాగా. ‘మ్యూజికల్ చైర్స్’ పిల్లల ఆట, పదవుల్లో మనుషులను అటూ ఇటూ మార్చడానికీ వాడతారు. ‘రీఅరేంజింగ్ ద డెక్ చైర్స్ ఆన్ ద టైటానిక్’ అంటే మునిగే ఓడలో కుర్చీలు సర్దడం, అసలు ముప్పు వదిలేసి పనికిమాలిన దాని మీద పడటం. ఉత్కంఠను ‘ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ మై సీట్’ అనాలి, ఇందులో చైర్ రాదు. ఆశ్చర్యంతో ‘ఐ నియర్లీ ఫెల్ ఆఫ్ మై చైర్’ అనొచ్చు, ఇందులో రెండూ నడుస్తాయి.

చివరిగా, క్రికెట్ వార్తల్లో కనిపించే ఒక వాడుక. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో ప్రపంచకప్ గెలిచాక సచిన్‌ను జట్టు సభ్యులు భుజాల మీద ఎత్తుకుని మైదానమంతా తిప్పారు. అలా ఎత్తుకు తిప్పడం కూడా బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ‘చైర్’ అనే క్రియే. ‘ద కెప్టెన్ వాజ్ చైర్డ్ ఆఫ్ ద ఫీల్డ్’ అని ఉంటే కెప్టెన్ ఏ సమావేశమూ నడపలేదు, భుజాలెక్కి పెవిలియన్‌కు చేరాడు. పక్కన ‘మీటింగ్’ ఉంటే అధ్యక్షత, ‘ఆఫ్ ద ఫీల్డ్’ ఉంటే భుజాలు.